ఫ్రిజ్ తలుపు మీది కాగితం

నిజామాబాద్,
20-3-1974

అన్నకు విమల నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉందో నువ్వు రాయలేదు. పుష్పకు ఆడపిల్ల పుట్టి నెల దాటింది. తొట్లెలో వేసిన నాడు నువ్వు వస్తావని సాయంత్రం దాకా చూశాం. ఎందుకు రాలేదని అడగను. అడిగితే నాలుగు పేజీలు రాస్తావు. అందులో మూడు మీ బావను తిట్టేవే ఉంటాయి.

మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. బదిలీ అయిపోతున్న ఇంజనీరు ఒకాయన అమ్ముతుంటే మీ బావ తీసుకున్నాడు. గంజ్‌లో పసుపు అమ్ముకునేవాడికి ఫ్రిజ్ ఎందుకని నువ్వు అంటావని తెలుసు. పుష్పకు పాలు చాలడం లేదు. ఆవుపాలు కాచి సీసాల్లో పోసి పెట్టుకుందామని తెచ్చాం. వాడకట్టు మొత్తం వచ్చి చూసిపోయింది. పక్కింటి రాములవ్వ తలుపు తెరిచి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి, "ఓ విమలక్కా, గిండ్ల సలికాలం దాసిపెట్టుకున్నరే!" అంది.

ప్రస్తుతం అందులో నీళ్ల సీసాలు, సగం కోసిన గుమ్మడికాయ, మీ బావ పాన్ డబ్బా ఉన్నాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్లు అందులో ఎప్పుడూ ఏమేం ఉంచుకోవాలి? మన చుట్టాల్లో ఆ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. సేఠ్ మిల్లు బంగ్లాలో నువ్వు మేనేజర్‌గా ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. అందులోవి గుర్తున్నంత వరకు రాసి పంపు. పుష్ప అత్తగారు తిరుపతమ్మ కూడా ఇక్కడే ఉంది. ఆమె ముందు నాకేమీ తెలియదనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

నీ చెల్లెలు
విమల


బోధన్,
27-3-1974

చి. సౌ. విమలకు ఆశీస్సులు.

ఎందుకు రాలేదో అడగనన్నావు కాబట్టి చెప్తాను. మీ ఆయన పంపిన కార్డు మీద "బోధన్ రాజలింగు" అని ఉంది. ఒకప్పుడు "మేనేజర్ రాజలింగు గారు" అని రాసేవాడు. సేఠ్ లేనప్పుడు సేఠ్ కుర్చీలో కూర్చుని మూడు గ్లాసుల చల్లటి నీళ్లు తాగిపోయేవాడు కూడా. నీళ్లు మర్చిపోతే పోనీ, కుర్చీ అయినా గుర్తుండాలి.

నువ్వు అడిగినది రాస్తున్నాను. గుర్తున్నంత వరకు అన్నావు. నాకు అన్నీ గుర్తే. అదే నా రోగం.

పై అరలో, మంచు గూటి కింద, కాచిన పాలు, మూత పెట్టి. పక్కన తోడుకు సరిపడా పెరుగు. వెన్న. గుడ్లు తలుపులో, ఆరుకు తగ్గకుండా. చెప్పకుండా వచ్చిన అతిథికి ఆమ్లెట్ కంటే వేగంగా చేసే మర్యాద ఏదీ లేదు. నిమ్మకాయలు డజను. ఈ జిల్లాలో ఎండాకాలం ఏ ఆఫీసరు గడప తొక్కినా ముందు షర్బత్, తరువాత నమస్కారం. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెట్టు. కొత్తిమీర తడిగుడ్డలో చుట్టు. నూరిన అల్లం వెల్లుల్లి సీసాలో వేసి మీద నూనె పొయ్యి, లేకపోతే పాలకు కూడా అదే వాసన. పండిన టమాటలు. కాచి చల్లార్చిన నీళ్లు. వీటిలో ఏదీ అయిపోయేదాకా ఆగొద్దు, అయిపోవస్తుండగానే తెప్పించు. పెట్టకూడనివి వేడి గిన్నె, అరటిపండు, మూతలేని గుమ్మడికాయ, మీ ఆయన పాన్ డబ్బా.

ఇంకొకటి ఆ కాగితం మీద ఉండేది కాదు. ఉండవలసింది. తలుపు నువ్వే తియ్యి. వంటమనిషి చెయ్యి లోపలికి పోనివ్వకు. ఒక వంటమనిషి చెయ్యి నా బతుకును ఏం చేసిందో నీకు తెలుసు.

మీ ఇంట్లో వంటమనిషి ఉందని ఏళ్ల తరబడి వింటున్నాను. ఒక్క ఉత్తరంలోనూ పేరు రాయలేదు. మీ ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు పేర్లు ఉండవేమో.

రాజలింగు,
మాజీ మేనేజర్


నిజామాబాద్,
14-4-1974

అన్నకు నమస్కారాలు.

నీ కాగితాన్ని పుష్ప పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. తిరుపతమ్మ చదివించుకుని వింది. "మీ అన్న మస్తు సదువుకున్నోడు. గుమ్మడికాయకు గూడ కానూన్ రాసిండు" అంది. నాకు గొప్పగానే అనిపించింది.

కానీ అన్నా, మనసు బాగాలేదు. రాత్రి పెట్టిన పాలు పొద్దున సీసా మూత తియ్యగానే అదోరకం వాసన వస్తున్నాయి. ఒక్కోరోజు బాగానే ఉన్నట్టుంటాయి, ఆ రోజే బిడ్డ కక్కుతుంది. పది రోజుల్లో మూడుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పాలు పోసే దేవవ్వను అనుమానించాం. ఆమె పాలే రాములవ్వ ఇంట్లో పిల్లలు కూడా తాగుతున్నారు, వాళ్లకేమీ కాలేదు.

తిరుపతమ్మ నిన్న అందరి ముందు అనేసింది. "పాలు మంచియే. ఫ్రిజ్ మంచిదే. కాసే శెయ్యే మంచిది గాదు." వంటమనిషి ఆ మాట వింది. ఫ్రిజ్ కింద రోజూ పొద్దున్నే నీళ్లు మడుగు కడుతున్నాయి, ఆమే గుడ్డతో తుడుస్తుంది. తుడుస్తూ నాతో మెల్లగా, "గా మిల్లు బంగ్లల ఉన్నది గూడ గిట్లనే తెల్లారంగ ఏడుస్తుండె గద అక్కా. బీమారి పెట్టెకున్నది, నా చేతికి లేదు" అంది.

ఆమెను పంపించెయ్యమని తిరుపతమ్మ పట్టు. మీ బావ ఎప్పటిలాగే గంజ్‌కు వెళ్లిపోయాడు. నువ్వేమంటావు?

విమల


బోధన్,
17-4-1974

విమలా,

మిల్లు బంగ్లా ఫ్రిజ్ కింద తెల్లారేసరికి నీళ్లుండడం కళ్లారా చూసినవాళ్లు ముగ్గురే. నేను, ఆ ఎండాకాలం నా దగ్గర ఉన్న నువ్వు, ఇంకొకతె. మీ వంటింట్లో ఉన్నది సాయవ్వేనా? అవునో కాదో ఒక్క మాట రాయి.

నీకు మరిచిపోయే వరం ఉంది కాబట్టి గుర్తు చేస్తున్నాను. 1959 మే నెల. సేఠ్ అల్లుడు, ఇంకో ఇద్దరు బొంబాయి నుంచి వస్తున్నారు. సాయవ్వ సాయంత్రమే పాలు చిక్కగా మరగకాచి బాసుంది చేసి ఫ్రిజ్‌లో పెట్టింది. వాళ్ల కారు డిచ్‌పల్లి దగ్గర చెడిపోయి, ఆ సాయంత్రం రావలసినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. భోజనం అయ్యాక ఆ బాసుందే చల్లగా వడ్డించాం. మూడు గంటలు తిరగకముందే ముగ్గురికీ వాంతులు. అల్లుణ్ణి నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో నాడి దొరకలేదు. బతికాడు, నా ఖర్మ కొద్దీ బతికి అన్నీ మామకు చెప్పాడు. బంగ్లా వరండాలో విచారణ జరిగింది. వేలికి మురికిగుడ్డ కట్టుకుని పాలు కాచిందని నేను రాసిచ్చాను. ఆమెను ఆ సాయంత్రమే పంపేశారు. రెండు నెలలకు నన్నూ పంపేశారు. "నీ కింది మనిషిని చూసుకోలేవు, బంగ్లా ఏం చూస్తావు" అన్నాడు సేఠ్. నా కంటే పదేళ్లు చిన్నవాడు, ఉత్తరం తప్పుల్లేకుండా రాయడం రానివాడు.

ఆ రోజు నుంచి ఈ ఊళ్లో నేను బాసుంది మేనేజర్‌ని. మీ వదిన ఆ పేరు వింటూనే పోయింది. మిల్లు మూతపడింది, బంగ్లా తలుపులు కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. పేరు మాత్రం మిగిలింది. పదిహేనేళ్లుగా నేను ఒకరి చేతి ముద్ద ముట్టలేదు, నా అన్నం నేనే వండుకుంటున్నాను.

ఆ చెయ్యి ఇప్పుడు నీ మనుమరాలి పాలు కాస్తోంది. ఈ ఉత్తరం మడిచేలోగా పంపించెయ్యి.

రాజలింగు,
మాజీ మేనేజర్


నిజామాబాద్,
22-4-1974

అన్నా,

అవును, సాయవ్వే. ఆరేళ్ల నుంచి మా ఇంట్లోనే ఉంది. నీకు తెలియకుండా దాచాను.

మీ బావ దుకాణం ముందు ఆడవాళ్లతో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ కనిపించింది. మోచేతుల దాకా పసుపు. నన్ను గుర్తుపట్టి ముందు అడిగిన మాట, "పుష్ప ఎట్లున్నది? బంగ్లల నా కొంగు పట్టుకొని తిరుగుతుండె." బోధన్‌లో ఎందుకు లేవంటే, "ఆడ నా చేతి నీళ్లు గూడ ఎవ్వలు తాగరు విమలక్కా" అంది. ఆ రోజే ఇంటికి తీసుకొచ్చాను. ఆరేళ్లు ఆమె చేతి వంట తిన్నాం. ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదు, ఫ్రిజ్ వచ్చేదాకా.

మంగళవారం బిడ్డకు కళ్లు లోపలికి పోయాయి. ఏడుపు కూడా రాలేదు. ఆసుపత్రిలో కాలికి సెలైన్ పెట్టారు. మూడు రోజులు పుష్ప, నేను మంచం పట్టె మీదే కూర్చున్నాం. ఇప్పుడు ఇంటికి వచ్చాం, బిడ్డ పాలు తాగుతోంది.

మేము ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ బావ, రిపేరు చేసే భోజన్నకు కబురు పెట్టాడు. శనివారం వచ్చాడు. మంచు గూడు చూశాడు, కింద నీళ్లు చూశాడు. "అమ్మా, రాత్రి కరెంటు పోతదా?" అని అడిగాడు.

పోదన్నాను.

"మరి ఎవలన్న బంద్ జేస్తున్నరా?"

"నేనే చేస్తాను, పడుకునే ముందు. పొద్దున లేచి మళ్లీ వేస్తాను" అన్నాను.

అతని నోట్లో బీడీ అట్లాగే ఉండిపోయింది. "ఎవలు జెప్పిండ్రమ్మా గట్ల? ఆర్పేసి పండుకోనీకె గిది దీపమా? రాత్రంత పాలు ఎచ్చగైతయి, పొద్దుగాల్ల మల్ల సల్లగైతయి. ముట్టుకుంటె సల్లగనే ఉంటయి, లోపల ఇరిగి ఉంటయి."

ఎవరు చెప్పారో అతనికి చెప్పలేదు. నీకు చెప్తున్నాను. బంగ్లాలో నువ్వు రోజూ టార్చి పట్టుకుని గదులన్నీ తిరిగి, దీపాలు ఆర్పి, ఆఖరున ఫ్రిజ్ స్విచ్ తీసేవాడివి. "ఎద్దును కూడా రాత్రి విప్పుతాం, మిషన్‌ను విప్పొద్దా" అని నాతో అన్నావు. ఎంత మంచి మాట అనుకున్నాను. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన మొదటి రోజు నుంచి నీలాగే చేశాను. భోజన్న అడిగేదాకా నాకు ఏమీ తట్టలేదు. బిడ్డ మీద ఒట్టు.

ఈ రెండు రాత్రులు ఆపలేదు, పాలు విరగలేదు. అయినా తిరుపతమ్మ నమ్మదు. "ఇప్పుడు బయపడి శెయ్యి కడుక్కుంటున్నది, గందుకే" అంటుంది. ఫ్రిజ్ మీది నీ కాగితం చూపించి, "అల్లం మీద నూనె పొయ్యుమని రాసినోడు, బంద్ జెయ్యొద్దని రాయడా? మెకానిక్ కన్న ఆయనకు తక్వ తెల్సా?" అంటుంది. వచ్చే ఆదివారం పుష్పను, బిడ్డను తీసుకుపోతారట. సాయవ్వ ఈ ఇంట్లో ఉంటే మళ్లీ పంపరట. ఎందుకు పంపలేదో గల్లీ అంతా చెప్తారట.

సాయవ్వ చీరలు మూట కట్టుకుని వాకిట్లో పెట్టుకుంది. అరవై దాటాయి. పసుపు ఏరడానికి ఇప్పుడు చూపు ఆనదు.

తిరుపతమ్మకు కావలసింది నీ చేతిరాత. శనివారంలోగా అందాలి. ఏం రాస్తావో నీ ఇష్టం.

విమల


బోధన్,
24-4-1974

విమలా,

బీడీ తాగే మెకానిక్ మాట మీద అన్నను దోషిని చేశావు. సంతోషం. ఉర్దూ బడిలో చదివి, తెలుగు నాకు నేనే నేర్చుకుని, ఈ ఊరి లైబ్రరీలో చెదలు తినగా మిగిలినవన్నీ చదివినవాణ్ణి నేను. మనిషిలాగే లోహం కూడా అలసిపోతుందని ఒక పత్రికలో చదివాను. రైలు పట్టాలు, ఓడలు, విమానాల రెక్కలు, అన్నీ అలసి విరుగుతాయి. అందుకే ఆ మిషన్‌కు రోజూ ఎనిమిది గంటల విశ్రాంతి ఇచ్చాను. అయిదేళ్లు ఇచ్చాను, ఏమీ కాలేదు. బంగ్లాలో పాలు, వంట ఏ పూటవి ఆ పూటే, రాత్రికి మిగిలేది ఏమీ ఉండేది

25-4-1974

నిన్న అక్కడే ఆగిపోయాను. వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. చూశావుగా, ఉండేది కాదు. అయిదేళ్లలో ఒక్క రాత్రే పాలవంట అందులో నిలవ ఉంది.

పొద్దున్నే నర్సన్న మందుల దుకాణానికి వెళ్లాను. సూదిమందులు పెట్టుకోవడానికి అతని దగ్గర ఫ్రిజ్ ఉంది. రాత్రి దుకాణం మూసేటప్పుడు దీన్ని ఆపుతావా అని అడిగాను.

"మందులు సచ్చిపోతయి సార్. దుకాణం బందైతది గని గిది బంద్ గాదు" అన్నాడు. ఆపైన, "మీరు బంగ్ల మేనేజర్ జేసిండ్రు గద, మీకెరుక లేదా?" అన్నాడు. మందుల కోసం నిలబడ్డ ఇద్దరు నవ్వారు. అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఎగతాళి అయితే ఇంటికి వచ్చి ఒక ఉత్తరం రాసి పారేసేవాణ్ణి.

కింది ముక్క తిరుపతమ్మకు చదివి వినిపించు. గట్టిగా చదువు.

"బోధన్ నివాసి రాజలింగు రాసి ఇచ్చేదేమంటే, ఫ్రిజ్ రాత్రీ పగలూ నడుస్తూ ఉండాలి. ఈ సంగతి నాకు తెలియదు. తెలియకుండానే ఇతరులకు నేర్పాను. 1959లో బంగ్లా ఫ్రిజ్ రాత్రి ఆపినది నేనే. బాసుంది చెడింది అందువల్లే. సాయవ్వ వేలు తెగింది మర్నాడు పొద్దున, నిమ్మకాయలు కోస్తున్నప్పుడు, నా కళ్ల ముందే. ముందు రోజు సాయంత్రమే గుడ్డ కట్టుకుని ఉందని అబద్ధం రాశాను. ఫ్రిజ్ కింద నీళ్ల సంగతి ఆమె విచారణలో చెప్పబోయింది. అది ఫ్రిజ్‌కు పట్టే చెమట అని నేను సేఠ్‌కు మంచి ఉర్దూలో వివరించాను. అంత మంచి ఉర్దూ ఆమెకు అర్థం కాదని నాకు తెలుసు. ఆమె చేతిలో ఏ దోషమూ లేదు."

పాత కాగితం చింపెయ్యి. కొత్తదాంట్లో అన్నిటికంటే పైన, స్విచ్ ముట్టుకోవద్దు అని రాయి. పాలు, పెరుగు, గుడ్లు ఆ తరువాత.

పదిహేనేళ్లు ఒక మనిషిని తిట్టుకుంటూ బతికాను. అన్నం కంటే అదే బలంగా ఉండేది. ఇప్పుడు ఏం తినాలో తెలియడం లేదు.

రాజలింగు


నిజామాబాద్,
2-5-1974

మనేజర్ సాబుకు సాయవ్వ రాయిస్తున్నది. పుష్ప రాస్తున్నది. నేను అన్నది అన్నట్టే రాయుమన్న, మంచిగ జేసి రాయొద్దన్న.

మీ కాయితం శెన్వారం అచ్చింది. విమలక్క సదివింది. తిరుపతమ్మ ఇంకోపారి సదివించుకున్నది. తర్వాత "మూట ఇప్పు, చాయ పెట్టు" అన్నది. ఇప్పిన. పెట్టిన. బిడ్డ మంచిగ తాగుతున్నది.

సాబ్, మీకు మొన్న ఎరుకైంది. నాకు గప్పుడే అనుమానం. నేను వంటింటి ముంగటనే పండుకుంటుంటి. మీరు టక్కుమని మీట నొక్కుతుండ్రి, గది గుర్రుమని ఆగుతుండె. తెల్లారి నీళ్లు తుడుస్తుంటి. ఈడ నేను బయటి అర్రల పంట, విమలక్క గూడ మీట నొక్కుతదని ఎరుకలే. బాసుంది పెట్టిన నాడు మీకు జెప్పిన, ఇయ్యాల పాలవంట ఉన్నది, బంద్ జెయ్యకుండ్రి అని. "సదువు రానిదానివి, నోరు మూసుకో" అన్నరు. మూసుకున్న. గది మీ కాయితంల రాయలే. యాదికి లేదా, యాదికుండి రాయలేదా?

బోధన్ల నన్ను ఇసం సాయవ్వ అన్నరు. నా బిడ్డ లగ్గం నాడు నన్ను పొయ్యి కాడికి రానియ్యలే. తల్లిని, పందిరి బయట కూసున్న. నా బిడ్డ గూడ నన్ను పిలువలే. మీరు ఎన్ని కాయితాలు రాసినా గా దినం మర్లి రాదు.

విమలక్క అంటది, మా అన్న ముసలోడైండు, మాఫ్ జెయ్యి అని. నేను జెయ్య.

గని ఒకటి అడుగుత. మీరు ఎవల చేతిది తినరట గద. నేను వచ్చే బుధారం పొద్దుమూకి బాసుంది జేస్త. ఫ్రిజ్ల పెడ్త. రాత్రంత నడుస్తది. బేస్తారం పగటి అన్నం యాళ్లకు మీరు రావాలె. తిరుపతమ్మ ముంగట, రాములవ్వ ముంగట, వాడకట్టోళ్ల ముంగట నా చేతితోని పెడ్త, తినాలె. తిన్నంక మూడు గంటలు ఆడనే కూసోవాలె. మీ ఎదురుంగ నేను కూసుంట.

కాయితం సదువొచ్చినోళ్లకు. నాకు గిది గావాలె.

సాయవ్వ ఏలిముద్ర


బోధన్,
6-5-1974

సాయవ్వ గారికి,

యాదికుండే రాయలేదు. అది కూడా తిరుపతమ్మకు చెప్పండి.

గురువారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. మూడు గంటలు కాదు, సాయంత్రం ఆఖరి బస్సు దాకా కూర్చుంటాను. మోకాలు వంగదు, కింద కూర్చోలేను. కుర్చీ ఒకటి వేయించండి. మీకు కూడా కుర్చీయే వేయించండి, ఎదురుగా.

బుధవారం రాత్రి ఆ స్విచ్ దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. ముఖ్యంగా విమలను. ఆమె నా దగ్గర నేర్చుకున్న మనిషి.

గిన్నె నిండా పెట్టండి.

రాజలింగు